చెమటలోని ఉప్పు
(తల్లాడ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు ఏ విషయము చెప్పవలెనని అడిగితిని. మన ఊరివారికి పనికివచ్చునది ఏదైనను సరే యనిరి. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమున కావ్యములను గూర్చి, పురాణములను గూర్చి పెద్దలు చెప్పగా మీరు వినుచునే యున్నారు. నేను పాఠశాలలో శరీరశాస్త్రము బోధించినవాడను. కావున ఈ పందిరి క్రింద కూర్చున్న మనకందరకును ఈ క్షణమున పట్టుచున్న చెమటను గూర్చియే చెప్పెదను.

చెమట ఉప్పగా నుండునని చిన్నపిల్లవానికిని తెలియును. పెదవిమీదికి జారిన చుక్కను నాలుకతో తాకనివారెవరు? నల్లచొక్కా తొడిగి మధ్యాహ్నము దాక మిరపచేనిలో నున్నవాని వీపుమీద తెల్లని చారలు దేశపటమువలె ఏర్పడుట మీరు చూచియే యుందురు. ఆ చారలు ఉప్పు. అయితే ఆ ఉప్పు అందరి ఒంటినుండియు ఒకే తీరుగా పోవునా?

కొన్ని యేండ్ల క్రిందట ఫాల్గుణమాసమున నేను చూచినది చెప్పెదను. మాకు దూరపు బంధువగు ఒక కుర్రవాడు పట్టణమున చల్లని గదిలో కూర్చుండి లెక్కలు వ్రాయు ఉద్యోగము చేయుచుండెను. సెలవుపై వచ్చి, మిరపకోతలో తండ్రికి సాయపడెదనని చేనికి పోయెను. పాతికేండ్లవాడు, బలిష్ఠుడు. ప్రక్క సాలులో కాయలు కోయుచున్న అవ్వకు అరువదేండ్లు దాటినవి. మధ్యాహ్నమగుసరికి కుర్రవాని చొక్కా తెల్లని చారలు కట్టెను. దాహమైనప్పుడెల్ల బిందెలోని నీరు కడుపునిండ త్రాగెను. మూడుగంటల వేళ మొదట పిక్కలు పట్టినవి. పిదప కడుపుమీది కండరములు రాయివలె బిగిసినవి. గట్టుమీద పడి మెలికలు తిరిగిపోయెను. చుట్టునున్నవారు కంగారుపడి మరల నీరే త్రాగించిరి. వానికి ఓకారము వచ్చెనే గాని నొప్పి తగ్గలేదు. అప్పుడు ఆ అవ్వ తన సద్దిగిన్నెలోని చల్లలో ఇంత ఉప్పు కలిపి, "ఉత్త నీళ్ళు పోస్తే ఏం తగ్గుతది బిడ్డా? ఈ సల్ల తాగు" అని అందించెను. వేపచెట్టు నీడకు చేర్చి కొంచెము కొంచెముగా త్రాగించగా అరగంటకు తెప్పరిల్లెను.

అవ్వ చేసిన వైద్యమునకు నేను ఆశ్చర్యపడలేదు. మన పెద్దలకు అది తెలిసినదే. నన్ను వెంటాడిన ప్రశ్న వేరొకటి. ఎండ ఒకటే, పని ఒకటే. బలము కుర్రవానిదే ఎక్కువ. వానికి పట్టినట్లు అవ్వకు కండరములు పట్టలేదేమి?

సమాధానము మన చర్మములోనే యున్నది. మనిషి చర్మమున ఇంచుమించు ఇరువది లక్షలనుండి నలువది లక్షల వరకు స్వేదగ్రంథులు కలవు. అరచేతులలోను అరికాళ్ళలోను అవి మిక్కిలి దట్టముగా నుండును. సూక్ష్మదర్శినితో వీనిని 1833 ప్రాంతమున బొహీమియా దేశీయుడగు పర్కింజే యను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఒక్కొక్క గ్రంథి వెంట్రుకకంటె సన్నమైన గొట్టము. దాని అడుగుభాగము చర్మపు లోపొరలో నూలుండవలె చుట్టుకొని యుండును. మిగిలిన భాగము నాళముగా పైకి వచ్చి, చర్మముమీద సూదిబెజ్జమువంటి రంధ్రముతో తెరచుకొనును. చంకలలో నుండు మరియొక జాతి గ్రంథులు వేరు. వాని ప్రసక్తి మనకిప్పుడు లేదు.

ఈ గ్రంథులు పుట్టినది చల్లదనము కొరకు. కుండలోని నీరు గోడలనుండి ఊరి ఆవిరియగుటచేత కుండ చల్లబడునట్లే మన దేహమును చల్లబడును. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడిని ఒంటినుండి తీసికొనిపోవును. లండనులో బ్లాగ్డెను మొదలగువారు నీరు మరుగు వేడిమికి మించి కాచిన గదిలో కొద్ది నిమిషములుండి, 1775లో ఆ వృత్తాంతమును ప్రకటించిరి. వారితోపాటు ఆ గదిలో నుంచిన గ్రుడ్డును మాంసమును ఉడికిపోయినవి, మనుష్యులు మాత్రము క్షేమముగా వెలుపలికి వచ్చిరి. పొడిగాలిలో చెమట వెంటనే ఆవిరియగుటచేతనే వారు బ్రతికిరి. తొలకరికి ముందు మన యూరిలో ఉక్కపోసినపుడు చెమట ఆవిరి కాక బొట్లుబొట్లుగా నేలపాలగును. అట్టి చెమట వలన చల్లదనము లేదు, ఉప్పు మాత్రము పోవును. గేదెకు స్వేదగ్రంథులు తక్కువ. అందుచేత అది చెరువు వెదకికొనును. గుఱ్ఱమునకు చెమట పుష్కలముగా పట్టును గాని, దాని చెమట రక్తమంత ఉప్పనిది, ఒక్కొక్కప్పుడు అంతకంటెను ఉప్పనిది. గుఱ్ఱమునకు లేని నేర్పొకటి మనిషి గ్రంథికి కలదు.

మన రక్తరసమున లీటరుకు ఇంచుమించు 9 గ్రాముల ఉప్పునకు సరిపోవు లవణములు కలవు. ఆసుపత్రిలో సీసా కట్టి ఎక్కించు సెలైనులో లీటరుకు 9 గ్రాముల ఉప్పుండుట ఇందుకే. స్వేదగ్రంథి అడుగుచుట్టలో తయారగు ద్రవము కూడ రక్తరసమంత ఉప్పగానే యుండును. అది అట్లే బయటికి వచ్చినచో, వేసవిలో దినమునకు ఆరు లీటర్ల చెమట కార్చు కూలివానికి 50 గ్రాములకు పైగా ఉప్పు నష్టమగును. పిడికెడు ఉప్పు! ప్రతిదినము అంత ఉప్పు ఎవడు తినగలడు? తినగలిగినను ఎవడు ఓర్చుకొనగలడు?

అట్లు జరుగకుండుటకు కారణము పైకి వచ్చు నాళము. ద్రవము దానిగుండా పోవుచుండగా నాళపు గోడలలోని కణములు సోడియమును పట్టి వెనుకకు లాగుకొనును. సోడియము వెంట క్లోరైడు తన ద్వారముగుండా లోనికి మరలును. ఉప్పనగా ఈ రెండింటి కలయికయే గదా! నీరు మాత్రము వానివెంట రాజాలదు, ఏలయనగా ఆ గోడలు నీటిని పోనీయవు. కావున చర్మముపైకి వచ్చుసరికి చెమట పలుచనైపోవును. కల్లమున తూర్పార పట్టుట మీకు నేను చెప్పనక్కరలేదు: గింజ నిలుచును, పొట్టు పోవును. ఇచ్చట గింజ ఉప్పు. అయితే చేటనుండి నెమ్మదిగా జార్చినంతవరకే గింజ నిలుచును. గంపెడు ధాన్యము ఒక్కమారుగా కుమ్మరించినచో పొట్టుతో గింజయు కొట్టుకొనిపోవును. చెమటయు నట్లే. కొద్దిగా పట్టినపుడు నాళమునకు ఉప్పును పట్టుకొను వ్యవధి యుండును. ధారలుగా కారునపుడు ఆ వ్యవధి చాలదు. కష్టము పెరిగినకొలది చెమట మాత్రమేగాక, ప్రతి లీటరులోని ఉప్పును పెరుగుటకు హేతువిది.

ఇక అవ్వకును కుర్రవానికిని గల భేదము. వేడికి అలవాటు లేనివాని చెమటలో లీటరుకు మూడు, నాలుగు గ్రాముల ఉప్పుండవచ్చును. అదే మనిషి దినమునకు గంటో రెండు గంటలో ఎండలో పనిచేయుచు వారమునుండి రెండు వారములు గడపినచో, వాని దేహము మారిపోవును. ఒళ్ళు మిక్కిలి వేడెక్కక ముందే చెమట పట్టుట మొదలగును. ముందటికంటె ఎక్కువ పట్టును. కాని లీటరుకు పోవు ఉప్పు సగమునకు, ఒక్కొక్కరిలో అంతకంటె తక్కువకు దిగును. నాళము పని నేర్చికొన్నదన్నమాట. దానికి నేర్పునది మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న అధివృక్కగ్రంథులు విడుచు ఆల్డోస్టిరోను అను హార్మోను. ఉప్పు తరిగినదని తెలియగానే అది రక్తములో పెరిగి, మూత్రపిండములకును స్వేదగ్రంథులకును ఒకే ఆజ్ఞ పంపును: సోడియమును వదలవద్దు. దేహములోని ఉప్పు లెక్కకు వెనుకటి పట్వారీవంటిది మూత్రపిండమే. స్వేదగ్రంథి పొలిమేర కాచు తలారివంటిది. కాని ఎండాకాలమున దొంగలు పొలిమేరననే పడుదురు.

ఈ రహస్యము బయల్పడిన తీరు వినదగినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికులు ఉష్ణదేశములలో పోరాడవలసి వచ్చెను. వేడికి దేహమెట్లు అలవాటుపడునో తెలిసికొనుటకు అమెరికాలోని మిచిగను విశ్వవిద్యాలయమున జెరోం కాన్ అను వైద్యుడు మనుష్యులను వేడిగదిలో పనిచేయించి, వారి చెమటను పట్టి పరీక్షించెను. దినదినమునకు ఉప్పు తగ్గుట చూచి, అధివృక్కగ్రంథులనుండి వచ్చు ఏదియో ఒక పదార్థము ఈ పని చేయుచున్నదని ఊహించెను. 1953లో సింప్సను, టెయిటు అనువారు ఆల్డోస్టిరోనును వేరుపరచిరి. ఆ మీదట కాన్ వద్దకు రక్తపుపోటుతో, కండరముల నీరసముతో బాధపడు ఒక స్త్రీ వచ్చినపుడు, ఆమె చెమటలో సోడియము మిక్కిలి తక్కువగా నుండుట ఆయనకు దారి చూపెను. ఆమె అధివృక్కగ్రంథిలో చిన్న గడ్డ యుండెను. దానిని తొలగింపగా ఆమె కోలుకొనెను. 1955లో ఆయన ఆ వ్యాధిని లోకమునకు తెలిపెను. నేడది ఆయన పేరనే పిలువబడుచున్నది. సైనికుల చెమట చూచినవాని కన్ను రక్తపుపోటు కారణమును పట్టుకొన్నది!

నాళము పని నేర్వని పిల్లలును కలరు. 1948 వేసవిలో న్యూయార్కు నగరమున వడగాడ్పులు వీచినపుడు సొమ్మసిల్లి ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో సిస్టిక్ ఫైబ్రోసిస్ అను పుట్టువ్యాధి గలవారు వింతగా ఎక్కువమంది కనబడిరి. 1953లో డి సాంటాగ్నీస్ అను వైద్యుడు వారి చెమటలో ఉప్పు చాల హెచ్చుగా నున్నదని కనుగొనెను. కారణము 1983లో తేలినది. పాల్ క్వింటను అను శాస్త్రజ్ఞుడు, తానును ఆ వ్యాధితోనే పుట్టినవాడు, స్వేదగ్రంథి నాళమును విడదీసి పరీక్షించి, అందు క్లోరైడు లోనికి మరలు ద్వారమే మూసికొని యున్నదని చూపెను. ఈ వ్యాధి మన దేశమున అరుదు గాని లేకపోలేదు. ముద్దు పెట్టుకొన్నపుడు బిడ్డ నుదురు మరీ ఉప్పగా నుండి, తరచు దగ్గు, ఎదుగుదల లేమి కనబడినచో వైద్యునితో ఆ మాట చెప్పుటకు తల్లులు సంకోచింపరాదు. నేటికిని ఆ వ్యాధిని నిర్ణయించు ముఖ్యపరీక్ష చెమటలోని క్లోరైడును కొలుచుటయే.

మన సీమకు వచ్చెదము. ఇల్లెందులో 1889లో బొగ్గు త్రవ్వుట మొదలైనది. పిదప కొత్తగూడెము, ఇప్పుడు మనకు చెంతనే సత్తుపల్లి పైకప్పులేని గనులు. మే మాసమున భద్రాచలము, కొత్తగూడెము ప్రాంతములలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట మనకు క్రొత్తకాదు. బొగ్గు గనులలో కండరములు పట్టు వ్యాధిని మొదట శ్రద్ధగా పరిశీలించినవారు ఇంగ్లండువారు. 1923లో మాస్ అను శాస్త్రజ్ఞుడు వేడిగనులలోని కార్మికులను పరీక్షించి, వారు చెమటలో ఉప్పు పోగొట్టుకొని, ఆపైన ఉత్త నీరు విస్తారముగా త్రాగుటచేత కొంకర్లు పోవుచున్నారని చూపెను. నీటిలో కొంచెము ఉప్పు కలుపగానే బాధ తగ్గినది. ఆ అవ్వ సద్దిగిన్నెలో నున్నది అదే శాస్త్రము. కండరములు పట్టుటకు వేరు కారణములును కలవు. కాని చొక్కా తెల్లబడి, నీరు త్రాగినకొలది నొప్పి హెచ్చుచున్నచో, ముందుగా అనుమానింపవలసినది ఉప్పునే.

కష్టజీవికి ఉప్పు ఎక్కువ కావలెనను సంగతిని రాజకీయముగా గ్రహించినవాడు గాంధీమహాత్ముడు. 1930లో వైస్రాయికి వ్రాసిన లేఖలో, ధనికునికంటె పేదవాడు ఎక్కువ తినవలసిన వస్తువు ఉప్పొక్కటే యని ఆయన వాదించెను. స్వేదగ్రంథి లెక్క చూచినను ఆ మాట సరిపోవుచున్నది. అంతకు పూర్వము సముద్రపుటొడ్డునుండి ఈ అడవి ప్రాంతములకు ఉప్పు తెచ్చినవారు ఎద్దులమీద గోతములు వేసికొని నడచిన లంబాడీలు. లంబాడీ యను పేరే లవణ శబ్దమునుండి వచ్చినదని కొందరు చెప్పుదురు. ఆ బిడారులు రాని యేడు ఇచ్చటి పాలేరు గతి ఏమై యుండునో ఆలోచించుడు.

నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇది. ఎండ ఎంత యున్నదని మాత్రమే మనము అడుగుచున్నాము. ఈ మనిషి ఎండలోనికి వచ్చి ఎన్నవ దినమని అడుగుటలేదు. అమెరికాలో ఎండపనిలో మరణించిన కార్మికుల సంగతి విచారింపగా, సగమునకు తక్కువ కాకుండ పనిలో చేరిన మొదటి కొద్ది దినములలోనే చనిపోయినట్లు తేలినది. దక్షిణాఫ్రికా బంగారు గనులలో క్రొత్తవారిని కొన్ని దినములపాటు వేడిగదులలో క్రమక్రమముగా పనిచేయించి, తరువాతనే లోతునకు దింపుచుండిరి. మనము అట్టి గదులు కట్టలేము, కట్టనక్కరలేదు. పట్టణమునుండి వచ్చినవానిని, జ్వరమునుండి లేచినవానిని మొదటి దినము పూర్తిపనికి పెట్టక, రెండు గంటలతో మొదలుపెట్టి దినదినము కొంచెము పెంచిన చాలును. రెండు మూడు వారములు ఎండకు దూరమైనచో ఆ నేర్పు మరల పోవును. పెండ్లిపనులకో, మంచమునపడియో అంతకాలము ఎండ తగులకుండ నుండి వచ్చినవాడు మరల క్రొత్తవాడే. కూలి ఇచ్చు రైతులు దీనిని మనసునకు పట్టించుకొనవలెనని నా మనవి. క్రొత్తవానికి మొదటి దినమున తగ్గిన పని నష్టము కాదు. తునికాకు కోతకు పోవు కోయసోదరులు తెల్లవారకముందే అడవికి పోయి, ఎండ ముదురకమునుపే మోపులతో తిరిగివచ్చి, మధ్యాహ్నము ఇంటినీడన కూర్చుండి ఆకులు కట్టలు కట్టుట మీకు తెలిసినదే. ఆ క్రమమును మిరపచేలలో మనమేల పాటింపరాదు?

ఉప్పు మంచిదని నేను చెప్పగా ఇంటికి పోయి ఆవకాయ రెట్టింపు తినవలదు. పూటపూట పచ్చడి, ఊరగాయ తిను మనవారికి ఉప్పు సామాన్యముగా తక్కువ కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు దినమునకు 5 గ్రాములకు మించవలదనుచున్నది. మన దేశమున సగటున అంతకంటె చాల ఎక్కువ తినుచున్నారు. దుకాణమున నీడలో కూర్చుండువానికి, రక్తపుపోటు గలవానికి, మూత్రపిండముల జబ్బు గలవానికి వేసవి పేరు చెప్పి ఉప్పు హెచ్చించుట హాని. వారు తమ వైద్యుని మాటనే వినవలెను. ఎండకు అలవాటైన కూలివానికి కూడ రెండు పూటల తిండిలోని ఉప్పు, మధ్యలో ఇంత ఉప్పు వేసిన చల్లయో అంబలియో తరచు సరిపోవును. గంజిలోని పిండిపదార్థము ప్రేగులలో సోడియము లోనికి పోవుటకు తోడ్పడును. వాంతులు విరేచనములు పట్టినవారికి ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లములో గ్లూకోజు కలుపుట ఇందుకే. ఇంటిలో చేసికొనదలచినచో లీటరు కాచి చల్లార్చిన నీటికి తలకొట్టిన ఆరు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు. చేతిలెక్కతో ఎక్కువ ఉప్పు వేయరాదు. పసిపిల్లలకు అది ప్రమాదము.

ఒక భేదమును మరువవలదు. కండరములు పట్టుట ఉప్పు లోపము; వడదెబ్బ అంతకంటె ఘోరమైనది. ఒళ్ళు 40 డిగ్రీలు దాటి కాలిపోవుచు, మాట తడబడి, తెలివి తప్పుచున్నచో ఉప్పునీటితో కాలయాపన చేయరాదు. తెలివిలేనివాని నోట ఏదియు పోయరాదు. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతయు నీటితో తడిపి విసరుచు, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 108కి కబురుచేయుచునే తడుపుట సాగింపవలెను. 2003లోను, 2015లోను ఉభయ తెలుగు ప్రాంతములలో వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది వృద్ధులు, కూలిపని చేయువారు. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకొన్న వడదెబ్బ తగులదని కొందరు నమ్ముదురు. ఉల్లిగడ్డను చల్లన్నములో నంజుకొనినచో దోషమేమియు లేదు. జేబులో నున్నదానికి మన స్వేదగ్రంథులతో సంబంధము లేదు.

ఇక గ్రంథాలయము వారికి ఒక విన్నపము. మీరు ఏటేట ఉగాదినాడు ఈ అరుగుమీద చలివేంద్రము పెట్టుచున్నారు. పుణ్యకార్యము. కాని మన ఊరిలో మిరపకోత ముమ్మరముగా సాగునది, ఎండకు ఒళ్ళు ఇంకను అలవాటు పడనిది, ఉగాదికి ముందు మూడు వారములు. రోహిణికార్తెనాటికి బ్రతికియున్నవాడు ఎండకు ఆరితేరిన వాడు. కావున శివరాత్రి వెళ్ళిన మరునాడే కుండలు పెట్టించుడు. రెండు కుండలు మంచినీటివి యుండనిండు, రక్తపుపోటువారును త్రాగవలెను గదా. మూడవ కుండలో పలుచని చల్ల పోయించి, లీటరుకు అర చిన్నచెంచా చొప్పున కొలిచి ఉప్పు వేయించుడు. ఏ కుండలో ఏమున్నదో పెద్ద అక్షరములతో వ్రాసి కట్టించుడు. చెంచాను కుండకు దారముతో కట్టియుంచుడు, లేనిచో రెండవ దినముననే మాయమగును.